సముద్రశక్తియు మన ఋణమును

ఒకరి యింట దీపము వెలుగుటకై మరియొకరి యింట నేమి యారుచున్నదో విచారించుట గృహస్థధర్మములలో నొకటి. ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించిన కాలమున నీ విచారము సులభముగా నుండెను. ఆముదము పండిన చేను, గానుగ త్రిప్పిన యెద్దు, నూనె తెచ్చి యమ్మినవాడు, అందరును కంటి యెదుటనే యుండిరి. నేడు మీట నొక్కగానే గది యంతయు వెలుగుచున్నది. ఆ వెలుగు ఏ నేలను త్రవ్వి, ఏ నీటిని మరలించి, ఏ ప్రాణిని బాధించి మనకు జేరినదో మాత్రము తెలియుట లేదు. కనబడనిది లేదని తలచుట మనుష్య స్వభావము. ఈ స్వభావమువలన గలుగు దోషమును, సముద్రమునుండి విద్యుచ్ఛక్తిని దీయుట యను విషయమును ఆధారముగా గొని, విమర్శింప దలచితిమి.

శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల యూరికిని సముద్రమునకును సంబంధ మేమని చదువరులు కొంద రడుగవచ్చును. మంచిర్యాల జిల్లాలో గోదావరికి దాపున నున్న యీ యూరినుండి సముద్రపుటొడ్డు మూడువందల కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అయినను ఈ ప్రశ్న యిచట బుట్టదగినదే. 1871వ సంవత్సరమున డాక్టరు కింగు అను భూగర్భశాస్త్రవేత్త యిల్లెందు ప్రాంతమున బొగ్గును గనుగొనెను. 1889లో నచట త్రవ్వకము మొదలయ్యెను. పిమ్మట గోదావరీ ప్రాణహితల లోయవెంబడి గనులు వ్యాపించి, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండము మొదలగునవి సింగరేణి బొగ్గుపట్టణము లైనవి. శ్రీరాంపూర్‌నకు సమీపమున జైపూరువద్ద 1200 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము 2016లో పనిచేయ నారంభించినది.

బొగ్గు ఈ సీమకు అన్నము పెట్టినది. వానలు చాలని చేలను నమ్ముకొనియున్న వేలకొలది కుటుంబములకు నెలజీతమును, పిల్లలకు చదువును ఇచ్చినది. ఆ మేలును మరచుట కృతఘ్నత. కాని బొగ్గుసీమలవారు మరియొక సంగతియు నెరుగుదురు. బాహాటపు గని త్రవ్విన చోట మట్టి కొండలై పేరుకొనును. గని లోతుకు దిగినకొలది చుట్టుపట్ల బావులలో నీరు దిగిపోవును. ప్రేలుళ్లకు ఇండ్లగోడ లదరును. దుమ్ము అన్నముకుండలమీదను, ఆరవేసిన బట్టలమీదను, పసిపిల్లల యూపిరితిత్తులలోను చేరును. ఇంత బాధకు ఫలమైన విద్యుత్తు దూరనగరములలో వెలుగుచుండును. అచటివారు ఈ యూళ్ల పేళ్లైన నెరుగరు. కావున, దూరమునుండి వచ్చు వెలుగు వెనుక ఎవరో యొకరు భారము మోయుచుందురను సత్యమును ఈ సీమవారికి గ్రంథములు చెప్ప నక్కరలేదు.

ఇట్టివారికి, పొగలేని శక్తి యొకటి గలదని చెప్పినచో నెంతయో యాశ కలుగును. సముద్రమున నట్టి శక్తి నాలుగు విధములుగా నున్నది. చంద్రసూర్యుల యాకర్షణమువలన గలుగు ఆటుపోటులలో నొకటి. గాలి త్రోయుటవలన గలుగు అలలలో నొకటి. సముద్రములోపల నదులవలె బారు ప్రవాహములలో నొకటి. ఎండకు వేడెక్కిన పైనీటికిని, వేయి మీటర్ల లోతునందలి చల్లని నీటికిని గల యుష్ణభేదములో నొకటి. మన దేశమున ఆటుపోటులవలననే 12,455 మెగావాట్ల వరకు లభింపవచ్చునని ప్రభుత్వశాఖవారు అంచనా వేసియున్నారు. సముద్రశక్తినిగూడ పునరుత్పాదక శక్తులలో జేర్చి లెక్కింపవలెనని 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది.

ప్రయత్నములును జరిగినవి. కేరళములోని విళింజమువద్ద 1991లో మద్రాసు ఐ.ఐ.టి. వారి కృషిచే అలల శక్తితో నడచు 150 కిలోవాట్ల యంత్రము నెలకొల్పబడినది. అల పైకి లేచునపుడు కాంక్రీటు గదిలోని గాలిని త్రోయును. ఆ గాలి టర్బైనును ద్రిప్పును. యంత్రము పనిచేసినది గాని తరువాత నిలిచిపోయినది. తూత్తుకుడి సముద్రమున ఉష్ణభేదముతో ఒక మెగావాటు పుట్టింపదలచి, తెప్పవంటి నౌకమీద యంత్రములను గూర్చిరి. లోతునుండి చల్లని నీటిని దెచ్చు మహాగొట్టమును దింపుటలో చిక్కులు వచ్చి ఆ ప్రయత్నము నెరవేరలేదు. సుందరవనములలో 3.75 మెగావాట్ల ఆటుపోటు కేంద్రమును దలపెట్టి వ్యయాధిక్యముచే విడిచిరి. కవరత్తి దీవిలో మాత్రము 2005నుండి పైనీటికిని లోతునీటికిని గల యుష్ణభేదముచే ఉప్పునీటిని మంచినీటిగా మార్చుచున్నారు. మొత్తముమీద మన దేశమున సముద్రవిద్యుత్తు ఇంకను బాల్యదశలోనే యున్నది. అపకారము జరిగిన పిమ్మట విచారించుటకంటె, జరుగకమునుపే విచారించుటకు ఇది తగిన సమయము.

దూరపు కొండలు నునుపు అని సామెత. దూరపు సముద్రముకూడ నట్లే నునుపుగా గనబడును. దగ్గరకు బోయి చూచిన దేశముల యనుభవ మెట్లున్నదో చూతము.

ఫ్రాన్సు దేశములో రాన్సు నది సముద్రమున గలియుచోట 1966లో 240 మెగావాట్ల ఆటుపోటు కేంద్రమును బ్రారంభించిరి. నదీముఖమునకు అడ్డముగా 750 మీటర్ల కట్టను గట్టి, అందు ఇరువదినాలుగు టర్బైనులను అమర్చిరి. నేటికిని నది పనిచేయుచున్నది. ఒక్క పొగతెర లేదు. కాని కట్టుచున్న మూడేండ్లును నదీముఖమును సముద్రమునుండి పూర్తిగా మూసివేసిరి. ఉప్పునీటి రాకపోకలు నిలిచి, అచటి చేపలలోను, గుల్లలలోను, నాచులలోను అధికభాగము నశించెను. కట్ట తెరచిన పిమ్మట క్రొత్తప్రాణులు మరల జేరి జీవజాలము కుదుటబడుటకు సుమారు పదియేండ్లు పట్టెను. కొన్ని జాతుల చేపలు పోయినవి. వేరు కొన్ని వచ్చినవి. ఒండ్రు క్రొత్తచోట్ల మేట వేసెను. ప్రకృతి తన్ను తాను దిద్దుకొన్నదని యూరటపడుట న్యాయమే. అయినను ఆ పదియేండ్లును ఆ నీటినే నమ్ముకొని బ్రతికిన వారికి ఆ యూరట యెట్టిది?

కెనడా దేశములో అన్నాపొలిస్ నదిపై 1984లో 20 మెగావాట్ల కేంద్రమును గట్టిరి. ఆ నదిలో గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి యెక్కివచ్చు చేపలును, మరలి దిగిపోవు చేపలును టర్బైను రెక్కల తాకిడికి జచ్చుచుండెను. చేపలకై వేరు త్రోవలు గట్టిరి గాని చేపలన్నియు ఆ త్రోవలనే పట్టలేదు. తుదకు 2019లో ఆ కేంద్రము నిలుపబడెను. ముప్పదియైదేండ్లు వెలిగిన యా దీపములకు నూనె యేమియో అప్పటికి స్పష్టమైనది.

అట్లని సముద్రయంత్రము లన్నియు హానికరములే యనుట సత్యము గాదు. కొరియా దేశములో సిహ్వా యనుచోట సేద్యపు నీటికై 12.7 కిలోమీటర్ల కట్టను 1994లో ముగించి సముద్రపు పాయను సరస్సుగా మార్చిరి. కర్మాగారముల మురికి చేరి ఆ నీరు కుళ్లిపోయెను. 2011లో ఆ కట్టయందే 254 మెగావాట్ల ఆటుపోటు కేంద్రమును అమర్చి, సముద్రపు నీరు నిత్యము వచ్చి పోవునట్లు చేయగా నీరు చాలవరకు శుభ్రపడెను. అచట యంత్రమే వైద్యము చేసినది. ఐర్లండు ఉత్తరభాగమున స్ట్రాంగ్‌ఫర్డ్ పాయలో 2008లో 1.2 మెగావాట్ల ప్రవాహయంత్రమును నిలిపినప్పుడు, సీలు అను జలచరములు దగ్గరకు వచ్చినచో రెక్కలను ఆపివేయు నేర్పాటు చేసిరి. ఏండ్లతరబడి వాని రాకపోకలను గనిపెట్టి, గొప్ప హాని కలుగలేదని నిర్ధారించిన పిమ్మటనే కట్టుబాట్లను సడలించిరి. తరువాత యంత్రమును దీసివేయగా పాయ తన దారిన తాను ప్రవహించుచున్నది. సముద్రములో నాటిన స్తంభములచుట్టు గుల్లలు, చేపపిల్లలు చేరి నీడ వెదకుకొనుటయు గలదు.

మిగిలిన విధములకును వాని వాని లోపములు గలవు. లోతునుండి చల్లని నీటిని పైకి దెచ్చునపుడు అందు గరిగియున్న పోషకద్రవ్యములు పైకి వచ్చును. ఆ నీటిని పైనే విడిచినచో నాచు విపరీతముగా పెరుగవచ్చును. గొట్టములలోనికి చేపగ్రుడ్లును, సూక్ష్మజీవులును లాగబడును. స్తంభములను దిగగొట్టునపుడు పుట్టు ధ్వని, చెవినే కన్నుగా చేసికొని తిరుగు తిమింగిలములను, డాల్ఫినులను బెదరగొట్టును. నీటిలో బరచిన విద్యుత్తీగెలచుట్టు గలుగు అయస్కాంతక్షేత్రమును సొరచేపలు, టేకిచేపలు పసిగట్టగలవు. యంత్రములున్నచోట వలవేయుట నిషేధింపబడును. అది చేపలకు రక్ష, వలవానికి శిక్ష.

ఇంత దూరమేల? మన గోదావరియే చాలును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. కరవుతో మాడిన డెల్టా పచ్చబడెను; లక్షలమంది ఆకలి దీరెను. ఆ పుణ్యమును కాదనువారు లేరు. అయితే వరదకాలమున సముద్రమునుండి నది నెక్కివచ్చు పులసచేపకు ఆ కట్టయే గోడ యయ్యెను. పిమ్మట నదిపై గట్టిన జలాశయము లనేకములు నీటితోబాటు ఒండ్రునుగూడ పట్టియుంచగా, డెల్టాకు జేరు మట్టి చాల తగ్గిపోయినది. ఉప్పాడ తీరమున సముద్రము ఇండ్లను కోసికొని పోవుటకు గల కారణములలో నట్టి మట్టికొరతయు నొకటియని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఎగువవారి మేలు దిగువవారికి కీడుగా మారుట యంత్రశాస్త్రములో వింత గాదు. దానిని లెక్కలో వ్రాయకుండుటయే ధర్మశాస్త్రమున దోషము.

ఇచట రెండు తప్పుత్రోవలు గలవు. మొదటిది, పొగలేదు గావున పాపము లేదనుట. తన వాకిలి యూడ్చి చెత్తను పొరుగువాకిట బోసి, ఇల్లు శుభ్రమైనదని సంతసించు గృహిణిని మన మేమందుము? బొగ్గుదుమ్మును మన గోడలనుండి దులిపి, ఆ బాధను నోరులేని చేపలమీదను, మాట చెల్లని బెస్తవారిమీదను వేయుట అట్టిదే.

రెండవ త్రోవ యింతకంటె మోసకరమైనది. ఎట్లును హాని తప్పదు గదా, కావున నున్నది యున్నట్లే యుండనిమ్మనుట. ఈ వాదమును బొగ్గుసీమలో నుండి వినుట సుఖముగా నుండును. కాని సత్య మేమి? మనుష్యులు విడిచిన అంగారవాయువులో సుమారు నాలుగవపాలు సముద్రమే మ్రింగినది. దానిచే సముద్రపు పైనీటి యామ్లత యంత్రయుగమునకు బూర్వ మున్నదానికంటె సుమారు ముప్పదిపాళ్లు హెచ్చినది. భూమిపై నెక్కువైన వేడిలో నూటికి తొంబదివంతులకు మించి సముద్రములోనికే పోయినది. పగడములు తెల్లబడి చచ్చుచున్నవి. అనగా శ్రీరాంపూర్‌లో త్రవ్విన బొగ్గు సముద్రమును ఏనాడో తాకినది. మనము కడలిపై నొక్క యంత్రమైన నిలుపక, చేతులు కట్టుకొని కూర్చున్నను నిరపరాధులము గాము. చేయుటయం దెంత బాధ్యత గలదో, చేయకుండుటయందును అంత గలదు.

అట్లయిన నేమి చేయవలెను? హాని లేని శక్తి గలదా యని యడుగుట మాని, ఈ హాని యెట్టిది, ఎవరిది, దిద్దదగినదా యని యడుగుట నేర్వవలెను. మాకు నాలుగు ప్రశ్నలు ముఖ్యములుగా దోచుచున్నవి.

మేలు పొందువారును భారము మోయువారును ఒక్కరేనా? ఇది మొదటి ప్రశ్న. పాలకడలిని చిలికినప్పుడు మొదట హాలాహలము పుట్టెనని మన పురాణములు చెప్పుచున్నవి. దానిని మ్రింగుటకు శివుడుండెను. నేడు ఆ పాత్రము ఎవరికి నియమింపబడునో చూడుడు. అడుగకయే పేదవానికి! త్రాటి నొకవైపు బట్టి చిలికినవారికి అమృతము దక్కలేదను సంగతియు నా కథలోనే యున్నది. తీరమున యంత్రము నిలిపినచో, తీరపు గుడిసెలో మొదటి దీపము వెలుగవలెను. వల విడిచినవానికి జీవనము చూపవలెను.

జరిగిన తప్పును వెనుకకు దీసికొనగలమా? ఇది రెండవది. రాన్సు నదీముఖమును మూసిన కట్టకును, స్ట్రాంగ్‌ఫర్డ్ పాయలో నిలిపి, కనిపెట్టి, తీసివేసిన యంత్రమునకును గల భేద మిదియే. చిన్నదిగా మొదలిడి, చూచి, నేర్చి, పెంచుట వివేకము. పెద్దదిగా కట్టి పిమ్మట విచారించుట గర్వము. కచ్ సింధుశాఖలో పగడములును మడయడవులును గలచోటును 1982లోనే సముద్ర జాతీయోద్యానముగా నిర్ణయించిరి. ఆటుపోటు బలముగా నున్న చోటులే ప్రాణులును దట్టముగా నున్న చోటులగుట తరచుగా గలదని యెరుగవలెను.

భారము మోయువారిని ముందుగా నడిగితిమా? ఇది మూడవది. చేపలు మాటలాడవు, వానిమాట చెప్పగలవా రిరువురు గలరు. ఒకరు జీవశాస్త్రజ్ఞులు, రెండవవారు తరతరములుగా ఆ నీటిపై బ్రతికిన పల్లెవారు. మొదటివారి నివేదిక గ్రంథాలయమునను, రెండవవారి మాట గాలిలోను గలిసిపోవుట మనవారి యాచారము. దానిని మార్చవలెను.

క్రొత్తది పాతదానిని నిజముగా తొలగించుచున్నదా? ఇది నాలుగవదియు, అన్నింటికంటె కఠినమైనదియు. బొగ్గు తగ్గకయే సముద్రశక్తి చేరినచో, ఒక హాని మానక మరియొక హానిని జతచేసికొన్నవారమగుదుము. ఇందులకు మన సమీపముననే యొక యుదాహరణము గలదు. రామగుండమున ఎన్.టి.పి.సి. వారి జలాశయముపై 100 మెగావాట్ల తేలు సౌరకేంద్రము 2022 జూలై 1వ తేదీనుండి పూర్తిగా పనిచేయుచున్నది. సుమారు 500 ఎకరముల నీటిపై అద్దపు పలకలు పరచియుండగా, క్రొత్తగా నేల నాక్రమింప నక్కర లేకపోయెను. ఏటికి 32.5 లక్షల ఘనమీటర్ల నీరు ఆవిరిగాకుండ మిగులుననియు, 1,65,000 టన్నుల బొగ్గు ఆదా యగుననియు ప్రభుత్వమువారు అంచనా చెప్పిరి. ఇది మంచి పని. అయినను దాని ప్రక్కనే బొగ్గుపొగగొట్టములును నిలిచియున్నవి. తేలు పలకలక్రింద వెలుతురు దక్కని నీటిలో ప్రాణుల బ్రతు కెట్లుండునో ఏండ్లతరబడి కనిపెట్టుటయు మన విధియే.

మనుష్యులే చీకటిలో నుండగా చేపలకై చింతయేమని యొక యాక్షేపణ గలదు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ప్రసూతిగదిలో దీపము లేక తల్లి మరణించిన యూరిలో సొరచేప సుఖమును గూర్చి యుపన్యసించుట నిర్దయ. కాని యీ యాక్షేపణను చేయువా రెవరో గమనింపుడు. తరచుగా వారు చీకటిలో నుండువారు గారు. ఒక్కొక్క గదికి చల్లని గాలియంత్రము పెట్టుకొన్న మావంటి వారే. బీదవాని యవసరమును డాలుగా బట్టి తన విలాసమును గాచుకొనుట నీతి కాదు. ప్రసూతిగది దీపమునకు వలయు శక్తి యెంత? ఖాళీగదిలో తిరుగు పంకాలకును, పెండ్లిపందిళ్లలో రాత్రియంతయు మండు వేయి బల్బులకును వలయు శక్తి యెంత? అవసరమునకు సముద్రుడు క్షమించును. ఆడంబరమునకు క్షమింప నక్కరలేదు.

ఇట్లు వ్రాయుచు బొగ్గుపనివారిని మరచినచో మేమును అదే తప్పు చేసినవార మగుదుము. నూరేండ్లకు పైగా దేశమునకు వెలుగునిచ్చుటకై చీకటిలో దిగినవారు వీరు. బొగ్గు కాలము తీరునాడు, కడలి వెలుగు వచ్చినదని చెప్పి వీరి సంతతిని వట్టిచేతులతో బంపివేయుట, సముద్రపు చేపకు జేసిన యన్యాయముకంటె చిన్నది గాదు. మారుటకు వలయు విద్యను, వృత్తిని, వ్యవధిని ముందుగా సిద్ధపరుపవలెను. భారము లెక్కలో గని కార్మికుని యిల్లును ఉప్పాడ పల్లెవాని యిల్లును ఒకే పుటలో వ్రాయబడవలెను.

చదువరులారా, సముద్రవిద్యుత్కేంద్రమును కట్టుట మన చేతిలో లేదు. ఎచట కట్టవలెనో నిర్ణయించు సభలలో మన యాసనము లేదు. మన చేతిలో నున్నది లెక్క యడుగుట. ఇంటికి వచ్చు కరెంటు బిల్లులో యూనిట్లును రూపాయలును మాత్రమే యుండును. ఆ కాగితమున వ్రాయని పద్దులు గలవని పిల్లలకు జెప్పుడు: ఏ యూరి బావి యెండినది, ఏ నదిలో చేప యెక్కలేకపోయినది, ఎవరి వల యొడ్డున బడియున్నది. ఆ పద్దుల నెరిగిన బిడ్డ వట్టిగదిలో దీపమును తనంతట తానే యార్పును. పెద్దవాడై యధికారములోనికి వచ్చినప్పుడు, కట్టకు రాయి వేయుటకు ముందు పల్లెవానిని పిలిచి యడుగును. తీర్చలేని ఋణముండవచ్చును గాని, ఋణము లేదని బొంకుట మాత్రము తగదు.